తోడు చుక్క

కమ్మనహళ్ళి, మూడో అంతస్తు.
కింది బేకరీ వేడి మా గచ్చుకెక్కుతుంది.
ఆఫీసు నాకప్పగించిన దేశానికి పేరు లేదు,
కాంట్రాక్టులో అది దేశం-7.
యుద్ధం ఆగాక ఇరవై ఏళ్ళకి
అక్కడ ఎందరుంటారో
శుక్రవారం లోపల నేను చెప్పాలి.

జనాభా బొమ్మ మామూలుగా గోపురంలా లేస్తుంది,
ఎడమ మగవాళ్ళు, కుడి ఆడవాళ్ళు, అడుగున పసివాళ్ళు.
దీని ఎడమ పక్క, ఇరవై నుంచి ముప్పై అయిదు దాకా,
ఎవరో కొరికి వదిలేసిన రొట్టె.
అడుగు గీత మరీ సన్నం.
పుట్టాల్సి ఉండీ పుట్టనివాళ్ళని ఏ గడిలో వెయ్యాలి?
ప్రాణేశ్ గడ్డం గోక్కున్నాడు.
"చనిపోయినవాళ్ళూ కారు, వెళ్ళిపోయినవాళ్ళూ కారు.
ఖాళీగా వదిలెయ్."
వదిలేశాను.
రోజంతా ఆ తెల్ల గడివంకే చూశాను.

పునర్నిర్మాణ ప్రణాళిక చదవడానికి బావుంటుంది.
వంతెనలు పద్నాలుగు, ఆసుపత్రులు నూట ఆరు,
మూడో బిడ్డని కంటే నగదు.
అన్నీ ఒక్క అంకె మీద నిలబడ్డాయి:
తిరిగొచ్చేవారి శాతం.
అది నేను వేస్తేనే ఉంటుంది.

ఎదురింటి ఇఖ్లాస్‌ది ఆ దేశమే అనుకుంటాను.
అడగలేదు. ఆమె తలుచుకునే నది పేరు నా ఫైల్లో ఉంది.
నా షీటులో ఆమె నూట పన్నెండో వరుస:
బయట ఉన్నవారు, స్త్రీ, 35–39.
ఆ సంగతీ చెప్పలేదు.

ఒక సాయంత్రం మెట్లమీద బెండకాయలు తుడుస్తోంది.
వచ్చీరాని హిందీలో అడిగాను,
"అంతా సర్దుకుంటే వెళ్తారా?"
"బతూల్ వెళ్తే వెళ్తాను."
బతూల్ మంత్రసాని. వాళ్ళ వీధిలో సగంమంది
ఆమె చేతుల్లోకే జారిపడ్డారు.
ఇప్పుడు సరిహద్దు అవతల ఏదో గుడారంలో ఉంది.
"మరి ఆవిడ?"
"కడుపుతో ఒక్కరూ లేని ఊళ్ళో తనకేం పని?
మేం వెళ్తే వస్తుందట."
నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకో తెలీకుండానే.

ఆ రాత్రి ఆ మాటే సూత్రంగా రాశాను.
ఇఖ్లాస్ గడి బతూల్ గడిని చూస్తుంది,
బతూల్ గడి ఇఖ్లాస్‌ని.
పంతులమ్మ పిల్లలకోసం, పిల్లలు బడికోసం,
రొట్టెలవాడు పిండిమర కోసం.
కంప్యూటరు అడ్డం తిరిగింది:
సర్క్యులర్ రిఫరెన్స్.
లెక్క తన తోకని తానే పట్టుకుంది.
విలువ, సున్నా.

పదిన్నరకి తలుపు చప్పుడు.
ఇఖ్లాస్ కూతురు, చేతిలో గిన్నె.
"అమ్మ పెరుగ్గిన్నె మొత్తం కడిగేసింది. కొంచెం…"
ఆ మాట హిందీలో దానికి రాలేదు. నాకూ రాలేదు.
"తోడు" అన్నాను.
"తోడు" అంది,
కొత్త పన్నుని నాలికతో తడుముకున్నట్టు.

పాలలో వేసేదానికీ
చీకట్లో వెంట నడిచే మనిషికీ
మాకు అదే మాట, ఎలా చెప్పను దానికి?
నూజివీడులో మా అమ్మమ్మ
ఎన్ని విస్తళ్ళు లేచినా
గిన్నె అడుగున ఓ చెంచా మిగిల్చేది.
ఊరందరి పాలూ విరిగిన రోజైనా
ఎవరింట్లోనో ఓ చెంచా ఉండాలే, అనేది.

మళ్ళీ షీటు ముందు కూచున్నాను.
ఇలాంటి చిక్కుకి ఒక దారుంది.
ఒక గడిలో తొలి అంకె చేత్తో వెయ్యాలి.
దానికి సూత్రం లేదు, రుజువు లేదు.
ఆపైన లెక్క తిరిగి తిరిగి
ఎక్కడో గడ్డకడుతుంది. లేదా కట్టదు.
బతూల్ గడిలో 1 వేశాను.

రెండు శాతం. అయిదు. పదకొండు.
మళ్ళీ తొమ్మిది.
తిరగనీ అని దీపం ఆర్పేశాను.

బెంగుళూరు డిసెంబరు.
ఇక్కడ పాలు తోడుకునేసరికి మధ్యాహ్నమవుతుంది,
ఒక్కోసారి పాలు పాలుగానే ఉండిపోతాయి.
ఎదురింట్లో గిన్నెకి శాలువా చుట్టి
బియ్యం డబ్బాలో దాచారట.
పొద్దున బడిసంచీతో దిగుతూ
ఆ పిల్ల మెట్లమీంచే అరిచింది,
"ఇంకా అవలేదు!"

"కదపొద్దని చెప్పు" అన్నాను,
"ఎవర్నీ కదపొద్దని చెప్పు."